అప్పజెప్పే పిల్ల

మా అమ్మాయి ఎనిమిదో తరగతి పూర్తిచేసిన ఎండాకాలంలో, జూబ్లీహిల్స్‌లో తను చదువుతున్న ప్రైవేటు స్కూలు వాళ్లు మమ్మల్ని పిలిపించి టీసీ చేతిలో పెట్టారు. తనని తొమ్మిదిలోకి తీసుకుంటే రేపు పదో తరగతి ఫలితాల్లో తమ పేరు పోతుందని మర్యాదగానే చెప్పారు. అంతసేపూ పిల్ల బయట బెంచీ మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ, మళ్లీ కట్టుకుంటూ ఉంది.

మాది సినిమా పని కోసం కోస్తా నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడిన కుటుంబం. మా ఆయన ప్రొడక్షన్ మేనేజరు. నేను డబ్బింగ్ చెబుతాను. హీరోయిన్లకు కాదు, హీరోయిన్ స్నేహితురాలికీ, వదినకీ, ఆస్పత్రి సీనులో నర్సుకీ. మాటల మీద బతికే ఇల్లు కాబట్టి పిల్లకీ మాటలు బాగానే వచ్చాయి. పాఠం అడిగితే గడగడా చెప్పేది. పరీక్షకు వెళ్తే మాత్రం సగం కాగితం తెల్లగా వదిలేసి వచ్చేది. బద్ధకమనుకున్నాం. భయమనుకున్నాం. దిష్టి కూడా తీయించాం.

ఇంకొన్ని స్కూళ్లు తిరిగాం. మార్కులు చూడగానే సీట్లు లేవన్నారు. చివరికి మా వీధి దిగువనున్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల మిగిలింది. తెలిసినవాళ్లెవరూ ఎదురుపడకపోతే బాగుండునని అనుకుంటూనే గేటు దాటాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు మార్కుల కాగితం పక్కన పెట్టి పిల్ల వైపు తిరిగారు.

"నీకు ఏం చేస్తె దినం జల్ది గడుస్తది బిడ్డా?"

మా అమ్మాయి నా మొహం చూసింది. ఆవిడ నా వైపు చూడకుండా ఎదురుచూశారు.

"కథలు చెబితే," అంది చివరికి.

"నాకు గూడ గంతే. పో, తొమ్మిదిల కూసో."

బడి తెరిచిన కొద్దిరోజులకే తెలుగు మాస్టారు ఫోన్ చేసి రమ్మన్నారు. స్టాఫ్ రూములో కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగారు.

"అమ్మా, ఇంట్ల పాఠాలు చదివి వినిపించేది మీరేనా?"

"నేనేనండీ," అన్నాను కాస్త గర్వంగానే.

"అదే అనుకున్న. బిడ్డ చదువుతలేదమ్మా, అప్పజెప్తున్నది."

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన వివరంగా చెప్పారు. ఆ బడిలో కొత్తగా చేరిన పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వాళ్లు ఎన్నడూ చూడని పేరా ఒకటి చదివిస్తారట. మా అమ్మాయి కాగితం పట్టుకుని, పైనున్న కుండ బొమ్మ చూసి, పగిలిన కుండ గురించి ఎక్కడా తడబడకుండా చదివేసిందట. కాగితంలో ఉన్నదేమో ఎండాకాలంలో పక్షులకు నీళ్లు పెట్టడం గురించి.

"మధ్యల ఆపలే నేను. కథ మంచిగున్నది, మొత్తం విన్న," అన్నారాయన. "అయిపోయినంక మెల్లగ అడిగిన. అక్షరాలు నిలబడ్తలేవు సార్ అని ఏడ్సింది."

ఇన్నేళ్లూ నా పక్కన కూర్చుని, నా గొంతు విని, నేను ఊపిరి తీసుకున్న చోట తనూ ఊపిరి తీసుకుంటూ, పేజీ తిప్పాల్సిన చోట పేజీ తిప్పుతూ నెట్టుకొచ్చింది.

"మరి నేను చదివి వినిపించడం మానేయనాండీ?"

"అయ్యో, మానొద్దు. మీరు చదివితేనే గద ఇంత నేర్సింది. గని ఇప్పటిసంది మాట మాట కింద వేలు పెట్టి చూస్కుంట రమ్మనుండ్రి."

ఆ చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు వంతులవారీగా వచ్చే ప్రత్యేక టీచరు ఒకావిడ ఉన్నారు. ఆవిడ పిల్లతో చాలాసేపు గడిపి, ఆస్పత్రిలో కూడా పరీక్షలు చేయించి, దీన్ని డిస్లెక్సియా అంటారని చెప్పారు. తెలివికి ఏ కొరతా లేదు, అక్షరాన్ని శబ్దంతో కలుపుకోవడమే కష్టం అన్నారు.

"ఇది తగ్గుతుందా మేడమ్?" అని మా అమ్మాయే అడిగింది.

"పోదు బిడ్డా. దీనితోనే ఎట్ల చదవాల్నో నేర్సుకుంటం. జర టైం పడ్తది."

పిల్ల ఏడుస్తుందనుకుని చేయి పట్టుకున్నాను. ఏడవలేదు. ఇంటికొచ్చే దారిలో టిఫిన్ బండి దగ్గర ఆగుదామంది. ఒక దోసె తిని ఇంకోటి చెప్పింది.

"ఏంటే ఇంత ఆకలి?"

"దానికో పేరుందిగా అమ్మా," అంది చట్నీ అద్దుకుంటూ. "నేను మొద్దునేమో అనుకున్నా."

బడిలో పొద్దున్నే ఒక గంట చదివే గంట. ఆ గంటలో తరగతులు ఉండవు. ఎవరికి ఎంతవరకు చదవడం వస్తే ఆ గుంపులో కూర్చోవాలి. మా అమ్మాయిని ఆరో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టారని తెలిసి, అవమానం కాదా అని అడగడానికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ గారు వాదించలేదు. "ఒక దినం కూసొని చూడుండ్రి," అన్నారు.

కూర్చున్నాను. ఆ గుంపులో ఆరో తరగతి వాళ్లే కాదు, మా అమ్మాయి కంటే పొడుగు పిల్లలూ ఉన్నారు. పెద్ద అక్షరాల కాగితాలు, ఒత్తులు ఎర్ర రంగులో. ఒక్క పంక్తి మాత్రమే కనిపించేలా మధ్యలో కోసిన అట్టముక్క పెట్టుకుని చదువుతున్నారు. మా అమ్మాయి 'రాష్ట్రం' దగ్గర ఆగిపోయింది. తన పక్కనున్న రహమత్ నగర్ బస్తీ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తొందరేమీ లేనట్టు కూర్చుంది. నేనైతే నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగాల్సి వచ్చింది. "రా... ష్... ష్ట్రం," అంది మా అమ్మాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాతి మాటకు వెళ్లిపోయారు. అడగాలనుకున్నది అడక్కుండానే ఇంటికొచ్చేశాను.

మిగతా టీచర్లూ తమ దారి తాము వెతుక్కున్నారు. సైన్సు మేడమ్ స్లిప్ టెస్టు జవాబులు నోటితో చెప్పించుకునేవారు. సోషల్ సార్ కొత్త పాఠాన్ని ముందు మా అమ్మాయికి చెప్పి, మర్నాడు తన చేత క్లాసుకి కథలా చెప్పించేవారు. అయినా అర్ధవార్షిక పరీక్షలు తనే రాసింది, మార్కులు పెద్దగా రాలేదు. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నలు చదివి పెట్టి, చెప్పింది రాసే తోడును ఇస్తారనీ, సమయం కూడా ఎక్కువిస్తారనీ, దానికి డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలనీ బడివాళ్లు చెప్పారు. మా ఆయన ససేమిరా అన్నారు.

"మా పిల్లకి ఏ లోపం లేదండీ. ఆ ముద్ర మాకొద్దు," అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారి ఎదుటే.

ఆవిడ ఆయన వైపు తిరిగి, "సార్, మీరు షూటింగులల్ల ఉంటరంట గద. పెద్ద పెద్ద యాక్టర్లకు డైలాగు పక్కకెంచి అందిస్తరంట, నిజమేనా?" అని అడిగారు.

"అందిస్తారండీ. ప్రాంప్టింగ్ అంటాం."

"మరి వాళ్లకు యాక్టింగ్ రాదని మీరెన్నడన్న అన్నరా?"

మా ఆయన నవ్వాపుకోలేక నవ్వేశారు. "అంటే పనిలోంచి తీసేస్తారండీ," అన్నారు. ఆ మర్నాడు ఆయనే సెలవు పెట్టి సర్టిఫికెట్ కోసం పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్లారు.

పదో తరగతిలో, రాసే తోడుగా తొమ్మిదో తరగతి అమ్మాయిని ఒకదాన్ని ముందే కుదిర్చి, ఇద్దరికీ బడిలోనే అలవాటు చేయించారు. ఎంత వేగంగా చెప్పాలి, ఎక్కడ ఆగాలి, 'పేరా మార్చు' అని ఎప్పుడనాలి, అన్నీ.

మొదటి పరీక్ష రోజు కేంద్రంలో మిగతా పిల్లలందరూ బయటికొచ్చి వెళ్లిపోయారు. గేటు ముందు నేనూ, తెలుగు మాస్టారూ మిగిలాం.

"ఈ ఎండలో మీరెందుకు సార్, వెళ్లండి," అన్నాను.

"ఇంటికి పోయినా గిదే ఆలోచన. గీడనే నయం," అన్నారాయన నుదురు తుడుచుకుంటూ.

అమ్మాయి నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. "ఒక ప్రశ్న రాసే అమ్మాయి చదవకముందే నేను చదివేసుకున్నా సార్," అని ఆయనకే ముందు చెప్పింది.

ఫలితాలొచ్చిన రోజు నాకు డబ్బింగ్ ఉంది. రానని చెప్పేశాను. పొద్దుటి నుంచీ ఎవరం సరిగ్గా తినలేదు. మధ్యాహ్నం మా ఆయన ఫోన్లో చూసి, నమ్మకం చాలక ఫోన్ నాకిచ్చారు. నేను పిల్లకిచ్చాను. తను వేలు పెట్టి ఒక్కో సబ్జెక్టూ చదివింది. హిందీ గట్టెక్కింది. లెక్కలు పర్వాలేదు. సోషల్లో మంచి మార్కులు. అన్నీ పాస్. మళ్లీ మొదటి నుంచి చదివింది. చెబుదామని హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేస్తే, "చూసిన, చూసిన, మీకంటె ముందే చూసిన," అని నవ్వారు.

స్వీట్లు తేవాలి, ఊరికి ఫోన్లు చేయాలి అనుకున్నాం. ముందు అన్నం తిన్నాం. తిన్నాక ముగ్గురం హాల్లో ఫ్యాన్ కింద చాప మీద వాలాం. పగలు ఎన్నడూ కన్ను మూయని మా ఆయన గురక పెడుతున్నారు. పిల్ల నా చెయ్యి తలకింద పెట్టుకుంది. ఎవరో కాలింగ్ బెల్ కొట్టారు, తలుపు తీయలేదు. మెలకువ వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి.