చిన్నాయన టిక్కు పెట్టని మాట

నిన్న పొద్దున మడివాళలో, ఆఫీసులో కూర్చుని మెయిల్స్ చూసుకుంటున్నాను.

పీణ్య నుంచి మంజన్న ఫోన్. మా చిన్నాయన షెడ్డు పక్కనే లేత్ మెషిన్ నడిపే మనిషి.

"అక్కా, మీ చిన్నాయన స్టూలు మీద కూచున్నోడు కూచున్నట్టే ఉండాడు. పిలిస్తే పలకల్యా."

బీపీ డౌన్ అయ్యుంటుంది, మొహాన నీళ్లు చల్లండి అన్నాను. అటువైపు మంజన్న ఏడుస్తున్నాడు. అయినా నాకు అర్థం కాలేదు.

క్యాబ్ ఎక్కి, గొరగుంటెపాళ్య సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అర్థమైంది.

మా చిన్నాయన, మా నాన్న తమ్ముడు రమణప్ప, ఇక లేడు.

మీలో చాలామందికి ఆయన కత్తులు సానపట్టే రమణప్ప. ప్రింటింగ్ ప్రెస్ బ్లేడ్లు, మటన్ షాపు కత్తులు, ఏది తెచ్చినా కాదనేవాడు కాదు. పెళ్లి చేసుకోలేదు. అంతకుముందు మస్కట్‌లో పద్నాలుగేళ్లు, ఒక మాంసం కంపెనీలో ఇదే పని.

గల్ఫ్ నుంచి అందరూ బంగారం తెస్తారు. ఈయన ఒక లావాటి అరబ్బీ-ఇంగ్లీషు డిక్షనరీ తెచ్చాడు.

ఇంట్లో అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

కొన్న కొత్తలో దాన్ని షాపువాడి మొహాన కొట్టి రావాలనుకున్నాడట. రూమ్ కాగితాల మీద 'మస్కన్' అని ఉంది. ఇల్లు అని అర్థం. ఆ మాట కోసం 'మ' పేజీలన్నీ రెండు రోజులు వెతికాడు. ఎక్కడా లేదు. పేజీలు ఊడిపోయిన పుస్తకం అంటగట్టారని కోపం.

కంపెనీలో స్టోరు చూసే ఒమానీ పెద్దాయన ఆ మాటను కాగితం మీద రాసి, మొదటి అక్షరాన్ని బొటనవేలితో మూసి, ఇప్పుడు వెతుకు అన్నాడట.

ఆ డిక్షనరీలో ఏ మాటైనా దాని వేరు కింద ఉంటుంది. మూడక్షరాల వేరు. అది దొరికితే మాట కుటుంబం మొత్తం ఒకేచోట దొరుకుతుంది. 'స-క-న' కింద చూస్తే ఇల్లు ఉంది. ఇంట్లో కాపురం ఉండేవాడున్నాడు. కదలకుండా ఉండటం ఉంది.

ఈ కథ నాకు కనీసం యాభై సార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ బొటనవేలు పెట్టి చూపించేవాడు.

పుస్తకం నిండా పెన్సిల్ టిక్కులు. చదివినందుకు కాదు. ఆ మాట పుస్తకం చూడకుండా, సమయం వచ్చినప్పుడు ఎవరితోనైనా అనాలి. వాళ్లకు అర్థమవ్వాలి. అప్పుడే టిక్కు. ఈ రూలు పెట్టుకున్నదీ ఆయనే, పాటించిందీ ఆయనే.

నాలుగేళ్ల కిందట నా పెళ్లి ముగిసిపోయింది. హొసకోటెలో అత్తగారింటి నుంచి రెండు బ్యాగులతో వచ్చేశాను.

నాన్న అప్పటికే లేడు. ముందు ఎవరెవరి తలుపులు తట్టానో, ఏమన్నారో రాయను. వాళ్లూ ఇది చదువుతారు.

చిన్నాయన ఏమీ అడగలేదు. ఆయనకున్నది ఒకే గది. అది నాకిచ్చేసి, చాప చుట్టుకుని షెడ్డుకు వెళ్లిపోయాడు. ఎనిమిది నెలలు అక్కడే పడుకున్నాడు, వానాకాలంలో కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను. దిక్కులేనిదాన్ని అయిపోయినాను చిన్నాయనా అన్నాను.

ఓదార్చడం ఆయనకు రాదు. లేచి చెయ్యి కడుక్కుని, డిక్షనరీ తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టాడు.

"ఇదో, మిస్కీన్. దిక్కులేనోడు అని. యాడ ఉండాది చూడు. ఇల్లు ఉండే పేజీలోనే ఉండాది. ఇంగా కిందికి రా. సకీనా. మనసు నిమ్మళం. అదీ ఈడే. నువ్వు పేజీ తిప్పే పనిగూడా ల్యా పాపా."

మధ్యలో కత్తి కూడా కనిపించింది. సిక్కీన్. ఇదెందుకు ఇక్కడ అన్నాను.

"గొంతు కోస్తే ఏదైనా కదలకుండా అయిపోతాది కదా, అందుకంట. మనకు కూడు పెట్టేది అదే. ఉండనీలే."

ఏడుస్తూనే నవ్వాను. ఆ రోజు మారు అన్నం పెట్టించుకున్నాను.

ఆ పేజీలో అన్నిటికీ టిక్కులున్నాయి, సకీనాకు తప్ప. ఎందుకు లేదని అడిగాను.

"నీకు నిమ్మళమైన దినం చెప్పు. అప్పుడు నీతో ఆ మాట అంటా. టిక్కు పెడతా."

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది. మడివాళలో చిన్న ఇల్లు తీసుకున్నాను. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. ఒకటే ప్రశ్న. "నిమ్మళమేనా పాపా?"

ఏం నిమ్మళం చిన్నాయనా, ట్రాఫిక్కు, మేనేజరు, నీళ్లు రావడంలేదు. ప్రతి వారం ఇదే చదివేదాన్ని.

నిజానికి నేను ఎప్పుడో నిమ్మళంగా ఉన్నాను. పొద్దున్నే కిటికీ తెరిచి కాఫీ తాగేటప్పుడు నాకే తెలిసేది. ఆయనకు మాత్రం చెప్పలేదు. గొణగడం అలవాటైపోయింది. వచ్చే ఆదివారం ఉంటుందిలే అనుకున్నాను.

నిన్న సాయంత్రం శ్మశానం గేటు దగ్గర పాడె దించారు. దింపుడు కళ్ళం. ప్రాణం ఉంటే పలుకుతారేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పిల్లలు లేరు, ఎవరు పిలుస్తారు అన్నారు. ఆడవాళ్లు ఇక్కడిదాకా రాకూడదని గొణుగుతున్నవాళ్లను పక్కకు జరిపి నేనే వెళ్లాను.

చిన్నాయనా అని రెండుసార్లు పిలిచాను.

మూడోసారి, "సకీనా చిన్నాయనా. నాకు ఎప్పుడో వచ్చేసింది" అన్నాను.

పలకలేదు.

ఇప్పుడు ఆయన నాకిచ్చిన ఆ గదిలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. పుస్తకం ముందుంది. పెన్సిల్ చేతిలో ఉంది. ఎదుటివాళ్లకు అర్థమైతేనే టిక్కు. ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. పెట్టలేకపోయాను.

నేను నిమ్మళంగా ఉండాను చిన్నాయనా.

నువ్వూ నిమ్మళంగా ఉండు.