కంప్యూటర్ రేటు తగ్గేదాకా

మా ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది అమ్మాలన్నా మా మామ ఒక మాట చెప్పాలి. ఆ మాట దాదాపు ఎప్పుడూ "ఆగు" అనే. ఆయన ఏర్గట్ల దిక్కున పసుపు పండించిన మనిషి. ఒక ఏడు ఊరంతా పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలేస్తే ఈయన ఒక్కడే బస్తాలు ఇంట్లో పేర్చుకుని కూర్చున్నాడట. తర్వాత రేటు పెరిగింది. అప్పటి నుంచి ఆయనకు ఆగడం మీద గట్టి నమ్మకం కుదిరింది. ఆగి నష్టపోయిన ఏళ్ల గురించి మా అత్తమ్మ ఎత్తబోతే మాత్రం ఆయనకు వెంటనే దగ్గు వస్తుంది.

మోకాళ్లు నొప్పెట్టి, పొలం కౌలుకిచ్చి, బోధన్‌లో మా దగ్గరికి వచ్చి ఉన్నాక ఆపి పెట్టుకోవడానికి ఆయన దగ్గర పసుపు లేకుండా పోయింది. నా కంప్యూటర్ దొరికింది.

నేను పెళ్లి పత్రికలు తయారు చేస్తాను. ఊర్లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు ఆయన మ్యాటరు ఫోన్‌లో పంపిస్తాడు. నేను ఇంట్లోనే టైపు చేసి, పైన వినాయకుడిని కూర్చోబెట్టి, పక్కల అరటి చెట్లు నాటి, తిరిగి పంపిస్తాను. వినడానికి తేలికే గాని బోధన్‌లో అంత తేలిక కాదు. మహారాష్ట్ర వియ్యంకులుంటే సగం పత్రిక మరాఠీలో కావాలి. కాలువ కింద క్యాంపు ఊళ్లల్లో స్థిరపడిన ఆంధ్ర రైతులకు శుభలేఖ అని పెట్టాలి, మనవాళ్లకు లగ్నపత్రిక అని పెట్టాలి. మేనమామ పేరు చిన్నక్షరాల్లో పడితే పెళ్లే ఆగిపోయేటంత గొడవవుతుంది. ఇంత చేసినా మా ఇంట్లో దీన్ని ఎవరూ పని అనేవారు కాదు. "కోడలు డబ్బా ముంగట కూసున్నది" అనేవాళ్లు. డబ్బులు మాత్రం నిజంగానే వచ్చేవి, దాచుకున్నాను కూడా. పెళ్లయ్యాక నాదంటూ నేను సంపాదించుకున్నది ఈ పనొక్కటే. కంప్యూటర్ ముసలిదైన కొద్దీ ఆ పని ఎక్కడ చేజారుతుందోనని భయం పట్టుకుంది.

దాని ఫ్యాను రైసు మిల్లులా మోగేది. అక్షరం కొడితే తీరిగ్గా ఆలోచించుకుని తెర మీదికి వచ్చేది. ఇక లాభం లేదని ఒకరోజు మామ దగ్గర మాట కదిపాను.

"రేటెట్లుంది?" అన్నాడు. చెప్పాను.

"ఆగు బిడ్డా. గీ మిషిన్లు దినాం దినాం అగ్గువైతయి. పసుపు ఆగితె పెరుగుతది, గివి ఆగితె తగ్గుతయి. రెండిట్ల ఆగుడే లాభం."

ఈ తర్కం నాకే ముచ్చటేసి నోరు మూసుకున్నాను. నా ఖర్మ. ఇక మా ఆయన ఉన్నాడు, బడిపంతులు. కంప్యూటర్ల వీడియోలు చూడటమే గాని కంప్యూటర్ ముట్టే మనిషి కాదు. "వచ్చే నెల కొత్త చిప్పు వస్తదట. ఇప్పుడు కొంటే పాతది కొన్నట్టే" అనేవాడు. వచ్చే నెల వచ్చేది, చిప్పూ వచ్చేది, దాని వెనకే ఇంకో చిప్పు వస్తోందన్న వార్తా వచ్చేది. తండ్రీకొడుకులకు ఏ విషయంలోనూ పొత్తు కుదరదు, ఇందులో మాత్రం భలే కుదిరింది.

పొద్దున్నే చాయ్ గ్లాసుతో మామ నా పక్కన కుర్చీ వేసుకునేవాడు. "ఇయ్యాల రేటెంత?" అనేవాడు. నేను ఆ పాత కంప్యూటర్‌లోనే కొత్త కంప్యూటర్ల రేట్లు తీసి చదివి వినిపించాలి. రోజూ సవతి ఫోటో చూపించినట్టయింది దానికి. అలిగింది. వత్తులు మింగడం మొదలుపెట్టింది.

చందూర్ దగ్గరి క్యాంపు నుంచి ఒక పెద్దాయన అచ్చయిన శుభలేఖ పట్టుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన రైతు, పెళ్లికూతురి తండ్రి. "బంధుమిత్ర సపరివారంగా" విచ్చేయమని నేను కొట్టిన చోట "త" కింద వత్తు ఎగిరిపోయి "బంధుమిత సపరివారంగా" అని అచ్చయింది.

"చూశారామ్మా? చుట్టాల్ని మితంగా రమ్మన్నట్టుందండీ ఇది! మా వియ్యంకుడు ఫోన్ చేసి, ఎంతమందిని తగ్గించుకోమంటారండీ అని అడుగుతున్నాడు."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. వరండాలోంచి మామ, "మంచిదే గదా, బువ్వ ఖర్సు తగ్గుతది" అన్నాడు. ఆ పెద్దాయన వినలేదు, నా అదృష్టం.

సాయంత్రం ప్రెస్సు ఆయన ఫోన్ చేశాడు. "అక్కా, మల్ల అచ్చుగొట్టుడు నా మీద వడ్డది. మూఢం పోంగనే లగ్గాలు కుప్పలు కుప్పలున్నయి. ఇంకోపారి గిట్లయితె నిజామాబాద్‌ల ఇంకొకలకు ఇచ్చుకుంట. ఏమనుకోకు."

ఏమనుకోకుండా ఎలా ఉంటాను? ఆ వారంలోనే పెళ్లిళ్ల మ్యాటరంతా కట్టలు కట్టలుగా వచ్చి పడింది. అప్పుడే కంప్యూటర్ ఒక పొద్దున కన్ను తెరవలేదు. స్విచ్చి నొక్కాను, వైరు పీకి పెట్టాను, బతిమాలాను. తెర నల్లగానే ఉంది. మామ చాయ్ గ్లాసుతో వచ్చి కుర్చీ లాక్కుని, "ఇయ్యాల రేటెంత?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "రేటు గాదు మామా, నా పని పోతది! మీరు అందరు రేటు సూసుకుంట కూసోండ్రి!" అని అరిచాను. ఆ ఇంట్లో నేను గొంతెత్తడం అదే మొదటిసారి. వంటింట్లో అత్తమ్మ చేతిలో గరిట కూడా ఆగిపోయింది.

మామ గ్లాసు కింద పెట్టి, కంప్యూటర్ దగ్గరికి వంగి, వేలితో తట్టి, బస్తాను వాసన చూసినట్టు చూశాడు.

"పురుగు వడ్డది" అన్నాడు.

పసుపు రైతు నోట అంతకు మించిన మాట లేదు. ఎంత ఆగే మనిషైనా బస్తాలో పురుగు కనిపించిన రోజు బండి కట్టేస్తాడు. "నడు బిడ్డా, నిజామాబాద్ పోదం" అని చెప్పులు వెతుక్కున్నాడు.

అత్తమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "మూఢంల ఇనుప సామాను ఇంట్లకు తెస్తరా?"

"ఇనుము గాదే అవ్వా, అల్యూమినియం" అన్నాడు బడికి సెలవు పెట్టి మాతో బయల్దేరిన మా ఆయన. అన్ని వీడియోలు చూసినందుకు ఆ ఒక్కసారి అక్కరకొచ్చాడు.

"గిన్నెల లెక్కనా? అయితె తెచ్చుకోండ్రి" అని అత్తమ్మ తప్పుకుంది.

దుకాణం ఆయన ఒక ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టాడు. మామ అటు తిప్పి ఇటు తిప్పి, "పైన మంచిగనే ఉన్నది. లోపల రంగు సూడాలె. ఇరిచి సూపియ్యి" అన్నాడు. యార్డులో పసుపు కొమ్మును అలాగే విరిచి చూస్తారు. దుకాణం ఆయన ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇరుచుడు ఉండదు పెద్దాయనా. కని ఇయ్యాల్నే తీస్కోండ్రి. మెమొరీ చిప్పుల రేట్లు పెరుగుతున్నయి. ఆగినకొద్ది పిరమైతది."

ఇన్నాళ్లు ఆపినందుకు మామ సిగ్గుపడతాడేమోనని కాస్త ఆశగా చూశాను. ఆయన కళ్లు మెరిశాయి.

"పెరుగుతదా? పక్కానా?"

"పక్కా."

"అట్లయితె రెండు తీస్కుందం బిడ్డా. ఒకటి నువ్వు నడుపుకో. ఒకటి అటుక మీద పెడుదం. రేటు రాంగనే అమ్ముదం."

ల్యాప్‌టాప్ అటక మీద ఉంటే పాతదైపోతుందని మా ఆయన ఎంతో ఓపికగా చెప్పాడు. పాత పసుపుకు కూడా గిరాకీ ఉంటుందని మామ అంతకన్నా ఓపికగా చెప్పాడు. చివరికి నేను దాచుకున్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందని తేలాక గాని ఆ బేరం ఆగలేదు.

"బిల్లు ఎవల పేరు మీద సార్?" అని దుకాణం ఆయన మా ఆయనను అడిగాడు. మా ఆయన అలవాటుగా తన పేరు చెప్పబోయాడు. పాపం, అందులో కపటమేమీ లేదు. ఫ్రిజ్జూ, బండీ, గ్యాసూ అన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. నేనూ అలవాటుగా ఊరుకున్నాను.

మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "వాని పేరెందుకు? వాడేం జేస్తడు దీంతోని, బొమ్మలు సూస్తడు. యార్డుల తక్‌పట్టి ఎవల పేరు మీద రాస్తరు?"

తక్‌పట్టి అంటే పసుపు అమ్ముడుపోయినప్పుడు రైతు చేతికిచ్చే చీటీ. పాపం, కంప్యూటర్లమ్మే ఆయనకు అదేం తెలుసు? తెల్లమొహం వేశాడు.

"పంట ఎవలదో వాళ్ల పేరు మీద రాస్తరు. పత్రికలు జేసేది మా కోడలు. పైసలు ఆమెయి. పని ఆమెది. ఆమె పేరు రాయి."

పని అన్నాడు మామ. దుకాణం ఆయన పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. నా పేరు నేనే చెప్పబోయి, నలుగురిలో భోరున ఏడ్చాను.

దుకాణం ఆయన కంగారుపడిపోయాడు. రేటు ఎక్కువైందని ఏడుస్తున్నాననుకున్నట్టున్నాడు, గబగబా వెనక అరలోంచి ఒక మౌసు తీసి నా ముందు పెట్టాడు. "ఏడ్వకు అక్కా, ఇది ఊకెనే ఇస్తున్న."

మామ నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు:

"ఇంకొంచెం ఏడువు బిడ్డా, బ్యాగు గూడ ఇస్తడు."