మాట కనవడ్తలేదు

కోరుట్లల నేను టీచర్‌ను. సిరిసిల్లల బట్ట నేసే సాంచాలు నడిపి నడిపి ఇంట్ల కూసున్న తాతల కాడికి మా బడి పిల్లలను తీస్కపోయి ముచ్చట పెట్టియ్యాలని ప్లాన్ చేసింది నేనే. ముసలోళ్లకు దగ్గు అంటొద్దని పిల్లలందరికీ మాస్కులు పెట్టిచ్చిన.

పిల్లలు ఎన్ని అడిగినా తాతలు గుడ్లప్పగించి చూసుడే తప్ప నోరు విప్పలే. నాకు మండింది. నా మాస్కు గదువ కిందికి గుంజి, ముందటున్న తాత మీదికి లేసిన.

"గింత దూరం అచ్చిన పిల్లలతోని ఒక్క మాట మాట్లాడితే ఏం పోతది?"

తాత నా మూతి దిక్కే చూసుకుంట నిమ్మళంగ అన్నడు.

"పిల్లల మూతులకు గుడ్డలెందుకు కట్టినవ్ బిడ్డా? మాట కనవడ్తలేదు."

"కనవడుడేంది తాతా?"

"సాంచాల చప్పుడుకు మా చెవులు ఎన్నడో పోయినయ్. పెదవులు కదిలేది చూసే మాకు సమజైతది."

మా బాపు సుత బతికినన్నాళ్లు సాంచాలే నడిపిండు. పొయ్యి కాడ ఆయనకు వీపు మలిపి నేనెంత తిట్టినా తిరిగి ఒక్క మాట అనకపోతుండె.

ఎంత ఓపికనో అనుకున్న, ఇన్నేండ్లు.