మూత లేని భట్టీ

మా ఆవిడ పోయాక, ఈ హిందీ ఊళ్ళో, ఫ్యాక్టరీ వాళ్ళ సెక్టర్ 7 క్వార్టర్లో తెలుగు వినబడ్డం ఫోనులోనే. అదీ ఆదివారం సాయంత్రం. అమ్మాయి "తిన్నావా నాన్నా" అంటాది, "తిన్నాను" అంటాను. దానిది రాళ్ళు పరీక్షించే ఉద్యోగం, గుజరాత్‌లో చమురు బావి తవ్వేచోట. నాకు ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే భట్టీ, ఆ కోక్ ఓవెన్ తప్ప ఏటీ తెలీదు. ఇంకేం మాట్లాడుకుంటాం?

ఓ ఆదివారం అమ్మాయే అడిగింది. "నాన్నా, గాలి తగలకుండా బొగ్గు కాలిస్తే ఏటొస్తాది?"

"గ్యాసొస్తాది, తారొస్తాది. మిగిలింది కోక్. ఎందుకు?"

చెప్పింది. వాళ్ళు తవ్వేచోట కోట్ల ఏళ్ళ కిందట కరిగిన రాయి అడుగునుంచి తన్నుకొచ్చి, పొరల మధ్య దూరి, పలకలా గట్టిపడిందట. పక్కనే పాతకాలం నాచూ పురుగూ కూరుకుపోయిన నల్లటి మట్టిరాయి. ఆ వేడికి అది ఉడికి చమురూ గ్యాసూ వదిలిందట. బావి ఇప్పుడు అక్కడికే దిగుతోంది.

"అయితే పలకని ఆనుకునే తవ్వండి. మా ఓవెన్లో గోడ పక్క బొగ్గే ముందు ఉడుకుతాది."

"అరే నాన్నా, ఆనుకున్నది మాడిపోతాది. కాస్త ఎడంగా ఉన్నదే ఉడుకుతాది. మరీ దూరమైతే పచ్చే. పైగా మీకు గ్యాసు పట్టే పైపుంది. భూమిలో పైపెవడేశాడు? పైన మూతలాంటి రాయుంటేనే ఆగుతాది."

"మరి ఉందా?"

"తెలీదు. గ్యాసు లేకపోతే ఈ బావి మూసేసి నన్ను సముద్రంలో బావికి పంపిస్తారు. అక్కడ ఫోను అందదు."

అప్పట్నుంచి రోజూ ఫోను చేసేది. డ్రిల్లు బురదతో పైకొచ్చిన రాతిముక్కల రంగు చెప్పేది. మా ఊరి పవర్ హౌస్ బజార్లో వంకాయలు ఏరుతున్నా నా చెవి జేబులో ఫోను మీదే. ఆ బావిలో గ్యాసుండాలని నాకేం కంపెనీ మీద ప్రేమ కాదు. మాట ఆగకూడదు, అంతే.

చివరికి ఓ సాయంత్రం గొంతు తగ్గించి చెప్పింది. "లేదు నాన్నా. గ్యాసు పుట్టింది, కానీ ఎప్పుడో పోనాది."

ఇంకొకరైతే బాధపడకమ్మా అందురు. నాకలా రాదు. "మూత లేకా, ఉన్నది పగిలా?" అన్నాను.

"పగిలి. ఆ కరిగిన రాయే పైకి పోతూ పగలగొట్టేసింది" అని, ఎలా పగిలిందో చెప్పుకుంటూ పోయింది. కంచంలో అన్నం గట్టిపడింది. నేను ఆపలేదు.

ఇప్పుడు సముద్రం మీదుంది. ఆ రాయి చల్లారడానికి ఎన్నేళ్ళు పట్టిందో అడగడం మర్చిపోయాను. రిటైరయ్యాక నేర్చుకున్న అక్షరాలతో క్యాలెండరు వెనక రాసిపెట్టాను, ఒడ్డుకొచ్చి ఫోను చేసినప్పుడు అడగడానికి.