కొంటా నుంచి పంపిన మామిడి కొమ్మ

మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక యుద్ధం నడుస్తూ ఉంటుంది. అందుకే నేను కింద కూర్చుని తింటాను. చరిత్రలో జరిగిన పోరాటాలను అట్ట మీద గీసిన పటంపై, గోరంత బొమ్మలతో, పాచికలు వేసి మళ్లీ ఆడటం నా పిచ్చి. ఖమ్మం చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్నవాళ్లం ఇద్దరమే: నేను, సూర్యం. కొత్తగూడెం బస్టాండు పక్కన అతనికి గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. ఆదివారం వస్తే పొద్దున్నే మా ఇంట్లో దిగేవాడు, చీకటి పడే వేళకు ఎవరో ఒకరి సైన్యం నాశనమయ్యేది. విదేశాల యుద్ధాలు ఆడీ ఆడీ విసుగొచ్చి, మన పక్కనే ఉన్న బస్తర్ సంస్థానం మీద సొంతంగా ఒక ఆట తయారుచేద్దామనుకున్నాం. 1910లో అక్కడి అడవి జనం సంస్థానం మీద, దాని వెనకున్న ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డారు. భూమ్‌కాల్ అంటారు దాన్ని. నియమాలు నేను రాశాను. బొమ్మలకు రంగులు సూర్యం వేశాడు, గడియారాల భూతద్దం కంటికి పెట్టుకుని, నాలుగు వెంట్రుకలున్న బ్రష్‌తో. విల్లు పట్టిన మనుషులు సగం మందికి కళ్లు దిద్దాడు. మిగతా సగానికి ఇంకా ముఖాలు లేవు.

ఎందుకంటే సూర్యం రావడం మానేశాడు. గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే బతిమాలుకునేవాణ్ని. మొదట "ఈ వారం కుదరదు" అన్నాడు, తర్వాత "చూద్దాం" అన్నాడు, ఆ తర్వాత ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. అప్పటి నుంచి రెండు వైపులా నేనే ఆడుతున్నాను. ఇటు కూర్చుని ఎత్తు వేస్తాను, అటు కూర్చుని ఆశ్చర్యపోయినట్టు నటిస్తాను. మా పటంలో దక్షిణం మూల, శబరి ఒడ్డున కొంటా ఉండాల్సిన చోట, ఖాళీగా మిగిలిపోయింది. ఇద్దరం కలిసి వెళ్లి చూసి గీద్దామనుకున్న చోటు అది. ఆ ఖాళీ ఒక్కటీ నింపేసి, పెట్టె మూసి అటక మీద పడేయాలని నిర్ణయించుకున్నాను. ఎదురు కూర్చునే మనిషి లేని ఆటను ఇంకెన్నాళ్లని ఆడను? మార్చి మొదటి వారంలో ఒక్కణ్నే బయల్దేరాను.

ఖమ్మంలో పొద్దున్న ఐదింటి బస్సు ఎక్కితే ఎనిమిదిన్నరకు భద్రాచలం చేరతారు. అక్కడ ఇడ్లీ తిని చింతూరు మీదుగా కొంటా వెళ్లే షేర్ జీపు పట్టుకున్నాను. సీటుకు నూట యాభై తీసుకున్నారు, జీపు నిండేదాకా గంటసేపు కూర్చోబెట్టారు. డ్రైవరు ముత్తయ్యది మరైగూడ అనే ఊరు. ముందు సీటులో పెట్టెను ఒళ్లో పెట్టుకున్న నన్ను చూసి ఊరుకోలేకపోయాడు.

"ఏంది సార్ అంత పదిలంగ పట్టుకున్నరు? గాజు సామానా?"

"కాదు, సైన్యం" అన్నాను సరదాగా.

అతను నవ్వలేదు. "నాకు చెప్పినరు గని చెక్‌పోస్టు కాడ ఆ మాట అనకురి సార్."

అప్పటికి గాని నేను చేసిన బుద్ధితక్కువ పని నాకు తెలిసిరాలేదు. ఊళ్లు, దారులు, వాగులు గుర్తులు పెట్టి చేత్తో గీసిన బస్తర్ పటం. దాని మీద నిలబెట్టడానికి ఆయుధాలు పట్టిన తిరుగుబాటుదారులు. ఇవన్నీ ఒక పెట్టెలో పెట్టుకుని ఆ దారిన వెళ్లే తెలివి మాలాంటి ఆటగాళ్లకే ఉంటుంది. చెక్‌పోస్టులో ఒక జవాను పెట్టె తెరిచి పటం మడత విప్పాడు. ఇదేమిటో చెప్పడానికి నా హిందీ చాలలేదు. ముత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి "లూడో హై సాబ్, బచ్చోంకా లూడో" అన్నాడు. జవాను ఒక బొమ్మను ఎత్తి అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు, పాచికలు గలగలలాడించి పెట్టెలో వేశాడు, పొమ్మన్నాడు. ఎన్నేళ్ల కష్టం లూడో అయిపోయిందని మనసు చివుక్కుమంది గాని ప్రాణం లేచొచ్చింది.

కొంటా చేరేసరికి పదకొండున్నర. బజారు దాటి కాస్త నడిస్తే శబరి. ఎండాకాలం మొదలు కాబట్టి నీళ్లు రాళ్ల మధ్య సన్నగా పారుతున్నాయి, అవతలి ఒడ్డు ఒడిశా. ఇప్పపూల వాసన గాలిలో మత్తుగా ఉంది. రాయి మీద కూర్చుని ఏటి వంపు గీసుకున్నాను. సైన్యం దాటగలిగేంత లోతు తక్కువ చోటు ఒకటి కనబడింది. "ఇక్కడ దాటించొచ్చు కదరా" అని పక్కకు తిరిగాను. పక్కన నా చెప్పులు తప్ప ఎవరూ లేరు. ఇంట్లో ఒంటరితనానికి అలవాటుపడ్డాను. ఇంత దూరం వచ్చి, చూడాలనుకున్నది కళ్లెదుట పెట్టుకుని, చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. పనేమో గంటలో అయిపోయింది.

భోజనానికి బజారులో సీతమ్మ మెస్‌కు వెళ్లాను. ఎనభై రూపాయలకు అన్నం, పప్పు, గోంగూర, అడిగితే చేపల పులుసు. ఆవిడ ఒక బల్లకు తెలుగులో, ఒక బల్లకు హిందీలో, గుమ్మంలో నిలబడ్డవాళ్లకు గోండిలో జవాబు చెబుతూ వడ్డిస్తోంది. రెండు దాటాక జనం పలచబడ్డారు. మూల బల్ల మీద పటం పరిచి, కొంటా దగ్గర కొత్త గీతలు దిద్ది, సరిపోయిందో లేదో చూద్దామని ఒక ఆట మొదలుపెట్టాను. ఇటు ఒక ఎత్తు వేసి, లేచి వెళ్లి అటు ఒక ఎత్తు వేసి, మళ్లీ ఇటు.

"ఏందన్నా, ఈడ కూసుంటవ్, మళ్ల ఆడ కూసుంటవ్? మా కుర్సీలు బాగ లేవా?" అంది సీతమ్మ.

"ఇద్దరు ఆడే ఆటమ్మా ఇది. రెండో మనిషి రాలేదు."

"అయితే నువ్వే గెల్సి నువ్వే ఓడుతవా? గెల్సినంక నవ్వుతవా, ఏడుస్తవా?"

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని ఎదుటి కుర్చీలో కూర్చుంది. "ఊళ్లన్ని రాసినవ్, మా కొంటా ఏది?" అని అడిగి, చూపించాక గాని శాంతించలేదు. అడవి జనం వైపు తీసుకుంది. ఆమెకు చెప్పిన మొదటి నియమం కొమ్మది. ఆ తిరుగుబాటు కబురు ఊరూరికీ కాగితం మీద పోలేదు. మామిడి కొమ్మ, ఎండుమిరపకాయలు, మట్టిబెడ్డ, బాణం చేతులు మారుతూ పోయాయి. అందుకే మా ఆటలోనూ చిన్న కొమ్మ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని కొంటా నుంచి బయల్దేరదీసింది సీతమ్మ. మధ్యలో ఎవరైనా వస్తే లేచి వడ్డించి వచ్చేది. పాచిక బల్ల కింద పడితే వంగి చూసి "ఆరు" అనేది. అది ఆరు కాదని నాకు తెలుసు. అయినా చాలాకాలం తర్వాత నాకు తెలియని ఎత్తు ఒకటి ఎదుటి వైపు నుంచి వస్తోంది. కావాలనుకోకుండానే ఓడిపోతున్నాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ఒకచోట ఆవిడ కొమ్మను కదపనంది. "ఇది ఈ ఊళ్లనే ఉంచుకుంట."

"కుదరదమ్మా. కొమ్మ అందిన ఊరు లేచి రావాలి, లేదంటే పక్క ఊరికి పంపాలి. ఉంచుకోవడానికి లేదు. మేం పెట్టుకున్న నియమం."

"మంచిగనే పెట్టుకున్నరు. మరి ఆ రాని మనిషికి పంపినవా?"

"ఏమిటి?"

"కొమ్మ."

ఫోన్లు చేశాను, అలిగాను, మానేశాను. పిలవడం మాత్రం ఒక్కసారీ సరిగ్గా పిలవలేదు. సీతమ్మ పెరట్లోకి వెళ్లి పూతతో ఉన్న మామిడి రెమ్మ ఒకటి విరుచుకొచ్చి, దారంతో ఎండుమిరపకాయలు కట్టింది. నాలుగింటికి ముత్తయ్య జీపు భద్రాచలం తిరిగి వెళ్తుంది. రెమ్మను అతనికిచ్చాను. కొత్తగూడెం బస్సు నడిపే మనిషికి ఇస్తానని, బస్టాండు పక్క దుకాణంలో అందుతుందని చెప్పి, దాన్ని అద్దం ముందు పెట్టుకున్నాడు. నేను ఉత్తరం ఏమీ రాయలేదు. నియమం సూర్యానికి తెలుసు.

ఆ రాత్రి కొంటాలోనే ఉండి, మర్నాడు పొద్దున్నే బస్సులో ఉత్తరాన ఉన్న సుక్మా వెళ్లి, దారి పొడవునా మలుపులు గీసుకుని, ఇంటికి తిరిగొచ్చాను. ఆ ఆదివారం రెండు గ్లాసులు కడిగి పెట్టుకున్నాను. ఎవరూ రాలేదు. ఆ మరుసటి ఆదివారం పదింటికి తలుపు చప్పుడైంది. ముప్పై ఏళ్ల అమ్మాయి, చేతిలో పాత పేపరు పొట్లం. గనుల్లో సర్వే పని చేస్తుందట, గడియారానికి బ్యాటరీ వేయించుకోవడానికి వెళ్లిందట. "సూర్యం గారు దీన్ని నాకిచ్చి, మీ ఇంటి గుర్తులు చెప్పి, వెళ్లు, లేదంటే ఇంకెవరికైనా ఇవ్వు, నీ దగ్గర మాత్రం ఉంచుకోకు అన్నారండీ. పటాలంటే ఇష్టమని వచ్చాను" అంది. పొట్లంలో ఎండిపోయిన రెమ్మ, మిరపకాయలు ఉన్నాయి. వాటి పక్కన నాలుగు వెంట్రుకల బ్రష్.

ముఖాలు దిద్దే బ్రష్‌నే ఇచ్చేశాడంటే సూర్యం ఇక రాడని అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. కారణమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. అతను రాలేకపోయాడు, కానీ కొమ్మను ఆపలేదు. మా నియమాన్ని చివరిదాకా పాటించాడు. అంత దూరం వెళ్లి నేను తెచ్చుకున్నది ఏటి వంపు ఒక్కటే అనుకున్నాను. ఇప్పటికీ ఆదివారం తలుపు చప్పుడైతే ముందు అతని పేరే నోటికొస్తుంది. ఆ అమ్మాయి లోపలికి వచ్చి బల్ల చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నేనెటు కూర్చోవాలండీ?" అని అడిగింది. సూర్యం కుర్చీ చూపించాను.

మీరూ ఆ దారిన వెళ్లేటట్టయితే ఒక మాట. భద్రాచలంలో తొమ్మిది లోపు జీపు ఎక్కండి, సాయంత్రం నాలుగు దాటితే తిరుగు బండి దొరకడం కష్టం. చేత్తో గీసిన పటాలు ఇంట్లో వదిలేయండి. మామిడి రెమ్మ పంపాలనిపిస్తే మాత్రం తడిగుడ్డ చుట్టాలని హైరానా పడకండి, ఎండిపోయినా అందుతుంది.