భాష్యం తువ్వాలు

ఆ తొంభైల్లో, చింతాద్రిపేట కంప్యూటర్ ఆఫీసులో పెద్దాయన భాష్యం ఎర్ర తువ్వాలే చట్టం. అది ఎవరి భుజాన ఉంటే వాళ్లే డేటాబేస్ పట్టికలు మార్చాలి, పాత రూపాన్ని ఫ్లాపీలో భద్రంగా దాచాలి. ఇద్దరు ఒకేసారి చెయ్యి పెడితే ఊరవతల ఎన్నూరు దాకా దీపాలు ఆరిపోతాయని బెదిరించేవాడు.

ఒక సాయంత్రం మరిచిపోయి ఆ తువ్వాలుతోనే బస్సెక్కేశాడు. పురసవాక్కం నగల కొట్టు మర్నాడు తెరిచేలోపు బిల్లుల పట్టికలో తరుగుకు ఒక గడి చేర్చాలని దారిలో గుర్తొచ్చి, దిగి పరుగెత్తుకొచ్చాడు. కొత్తగా చేరిన శ్రీప్రియ ఆ పట్టికే తెరిచిపెట్టుకుని, కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చునుంది. "నువ్వే చేసేయకూడదామ్మా?" అన్నాడు రొప్పుతూ. "తువ్వాలు మీ భుజాన ఊరేగతా ఉంటే నేనెట్ట ముట్టేది సార్? ఎన్నూరు చీకటైపోదా?" అంది. భాష్యం పకపకా నవ్వి, తువ్వాలు తీసి ఆమె భుజాన వేశాడు. "సరి, ఇంక ఈడ నువ్వే పెద్ద." ఆ తర్వాత చాన్నాళ్లు ఖాళీ భుజం తడుముకుంటూనే బస్సెక్కేవాడు.