విమానపు తుపాకులూ, అన్నయ్య మాటలూ

మా అన్నయ్య గడ్డం గీసుకుంటూ పడిపోయేడు. వదిన కేక విని పక్క వాటాలోంచి నేను పరుగెత్తుకొచ్చేసరికి నేలమీద ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బునురగ అలాగే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ కుడిచెయ్యీ, కుడికాలూ తనవి కానట్టు పడున్నాయి. అనకాపల్లి ఆస్పత్రికి తీసుకెళ్తే వాళ్లు విశాఖ పంపేరు. ప్రాణం దక్కింది. చోడవరం తిరిగొచ్చేటప్పటికి మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది. "అది."

మంచినీళ్లు కావాలన్నా "అది." దోమలు కుడుతున్నాయన్నా "అది." వదిన ఒక్కో వస్తువూ తెచ్చి చూపించేది. గ్లాసు, దుప్పటి, విసనకర్ర. అన్నిటికీ అడ్డంగా తలూపి, విసిగిపోయి గోడవైపు తిరిగి పడుకునేవాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చెరుకు ట్రాక్టర్లు గోవాడ పంచదార ఫ్యాక్టరీకి పోయే రోడ్డు పక్కనే బడి. ఆ మోత మీద కూడా తన గొంతు చివరి బెంచీదాకా వినపడేదని, తన దగ్గర చదువుకున్నవాళ్లు చూడ్డానికొచ్చి చెప్పేవారు. అలా చెబుతుంటే కళ్లు మూసుకునేవాడు.

డాక్టరు సలహా మీద మాటలు మళ్లీ నేర్పే అమ్మాయి ఒకతె అనకాపల్లి నుంచి బస్సులో రావడం మొదలుపెట్టింది. ముస్లింల అమ్మాయి, తండ్రిది అక్కడ బట్టల కొట్టు. సంచీలో బొమ్మల కార్డులు తెచ్చేది. ఆవు, అరటిపండు, గొడుగు. ఒక్కోటీ ఎత్తిపట్టుకుని "ఇదేటి సార్?" అని అడిగేది. కొన్నాళ్లు ఓపిక పట్టేడు. ఒకరోజు ఎడంచేత్తో బొమ్మలన్నీ మంచం కిందికి తోసేసేడు.

ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. ఏరుకుని సంచీలో పెట్టేసి, వదిన్ని అడిగింది. "ఆంటీ, సార్ బాగున్నప్పుడు దేని గురించి ఎక్కువ మాటాడేవారు?"

"తుపాకులు," అంది వదిన.

ఆ పిల్ల నావైపు చూసింది.

"ఇమానాలకి బిగించే తుపాకులమ్మా. పాత ఇమానాలుంటాయి సూడు, ముందర పంకా తిరుగుద్ది, వాటికి. పెళ్లయిన కొత్తలో నాకూ అవే సెప్పేరు. ఏటి మనిషిరా దేవుడా అనుకున్నాను."

ముగ్గురం నవ్వేం. అన్నయ్య పడిపోయేక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. అన్నయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగేడు.

బల్లి కనపడితే చీపురుతో నెమ్మదిగా బయటికి సాగనంపే మనిషి. ఎప్పుడో విశాఖలో పాత పుస్తకాల దుకాణంలో విమానాల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాడు. అందులో ఒక్క ప్రశ్న తనని పట్టుకుంది. విమానం ముక్కు మీద పంకా గిర్రున తిరుగుతుంటే, దాని వెనక తుపాకీ పెట్టి కాలిస్తే, తూటా రెక్కకి తగలకుండా ఎలా పోతుంది? దాన్ని పిల్లలకి లెక్కగా ఇచ్చేవాడు. పెళ్లి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాళ్లకి విస్తరి మీద వేలితో గీసి చూపించేవాడు.

"అయితే బొమ్మలొద్దు, దాని గురించే మాటాడండి," అంది ఆ పిల్ల నాతో. "పరీక్ష పెట్టినట్టు అడగొద్దు. మీకొచ్చినట్టు చెప్పండి, తప్పయినా పర్లేదు. చెప్పి ఆగండి. మాట వెతుక్కోడానికి ఆయనకి టైమివ్వండి."

నేను తెలుగు టీచర్ని. తప్పులకి నా దగ్గర కొదవేముంది? బడి నుంచి రాగానే ఆ పుస్తకం పట్టుకుని మంచం పక్కన కూర్చునేదాన్ని. టేబుల్ ఫాను తెచ్చి, ముందరి జాలీ ఊడదీసి, తీగ సాకెట్లోంచి పీకేసి స్టూలు మీద పెట్టేను. రెక్కల్ని వేలితో తిప్పుతూ చదివింది చదివినట్టు చెప్పడం మొదలుపెట్టేను.

మొదట్లో విమానాలకి తుపాకులే లేవనీ, పైలట్లు చేతిలో పిస్తోళ్లు పట్టుకెళ్లేవారనీ చెబితే తలూపేడు. తుపాకీ ముందర బిగిస్తే పంకా చెక్కరెక్క తునిగిపోయే ప్రమాదముందంటే దానికీ తలూపేడు. ఒకాయన రెక్కలకి ఉక్కు ముక్కలు తొడిగేడట, తగిలిన తూటా పక్కకి జారిపోవడానికి. అది చెప్పేసరికి ఎడంచేతి వేలు ఎత్తి, ముందుకి పోనిచ్చి, గిరుక్కున వెనక్కి తిప్పి తన గుండె మీద పెట్టుకున్నాడు. కొన్ని తూటాలు వెనక్కే వచ్చేవన్నమాట. పుస్తకంలో చూస్తే నిజమే.

"సరే, అప్పుడేం చేసేరంటే అన్నయ్యా, కాల్చాల్సొచ్చినప్పుడల్లా పంకాని ఒక్క క్షణం ఆపేసేవారు," అన్నాను. నాకలాగే అర్థమైంది మరి.

తను తల దిండు మీంచి లేపేడు. "అది! అది!" అంటూ మంచంపట్టె మీద అరచేత్తో కొట్టేడు. నేను ఆ పిల్ల చెప్పినట్టు ఆగేను. నోరు ఒక పక్కకి లాగుతోంది, మెడనరాలు ఉబ్బేయి. నీళ్లు కావాలేమో, లేపి కూర్చోబెట్టాలేమో అనిపించింది. అయినా కదల్లేదు.

"కా..." అన్నాడు. చాలాసేపటికి, "కాదు."

వదిన వంటింట్లోంచి పిండి చేతుల్తో వచ్చేసింది. "ఏటన్నారు? ఏటన్నారే?"

"కాదు," అన్నాడు మళ్లీ, నన్నే కోపంగా చూస్తూ.

వదిన గుమ్మానికి ఆనుకుని, మణికట్టుతో కళ్లు ఒత్తుకుంది. నేను పుస్తకం మూసి ఆ పూటకి ఇంక చదవలేకపోయేను.

తర్వాత వారాల్లో ఆ లెక్క నాకు తనే నేర్పేడు. ఫాను రెక్కని ఎడంచేత్తో నెమ్మదిగా తిప్పి, రెక్క ఎదురుకి రాగానే "ఆగు" అనేవాడు. దాటగానే "పో" అనేవాడు. ఆగాల్సింది పంకా కాదు, తుపాకీ. ఇంజను ఇరుసుతో పాటే తిరిగే చక్రం మీద ఒక ఉబ్బు ఉంటుంది. రెక్కలు తప్పుకున్న వేళకే ఆ ఉబ్బు ఒక కడ్డీని తోసి తుపాకీని పేలుస్తుంది. పైలట్ మీట నొక్కి పట్టుకుంటాడంతే, ఎప్పుడు పేలాలో ఇంజనే చూసుకుంటుంది. ఇంత సంగతిని ఆగు, పో, రెక్క అనే మూడు మాటల్తో చెప్పించుకున్నాను. ఆ పిల్ల వచ్చినప్పుడు తనే మళ్లీ ఆమెకి చెప్పేడు. ఆమె నోరు తెరుచుకుని వింది. "మాకు స్కూల్లో మీరు చెప్పుంటే బాగుండేది సార్," అంది. తను సగం మొహంతోనే నవ్వేడు.

విమానం రెక్కల్లో బిగించే తుపాకుల దగ్గర ఇబ్బందొచ్చింది. అవి పంకాకి బాగా అవతలగా ఉంటాయి, కాబట్టి దేనికోసమూ ఆగక్కర్లేదు. కానీ రెండు రెక్కల మీదా దూరదూరంగా ఉన్న తుపాకులు ముందర ఒకచోట గురి కలవాలంటే, వాటిని ఒక్క పిసరు లోపలికి తిప్పి బిగించాలి. ఇది చూపించడానికి రెండు చేతులు కావాలి. తను ఎడంచెయ్యి చాపి, కుడిచేతివైపు చూసి, "చెయ్యి" అన్నాడు నాతో. నేను ఆ చేతిని ఎత్తి పక్కకి చాపి పట్టుకున్నాను. ఎంత బరువుందో. చిన్నప్పుడు అదే చేత్తో నన్ను ఎత్తి సైకిలు మీద కూర్చోబెట్టేవాడు. "దూరం," అని ఎదురుగా గోడ మీదికి చూపించేడు. రెండు వేళ్ల గీతలూ అక్కడ కలవాలి. శత్రువు అక్కడుంటే సరి. దగ్గరికొచ్చేస్తే గీతలు ఇంకా కలవవు, మరీ దూరమైతే కలిసి మళ్లీ విడిపోతాయి.

వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తోంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ కథ వింటున్న మనిషి, ఎప్పుడూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆవేళ అడిగింది.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అక్కడున్నోడు ఏటయిపోయేవోడు?"

అన్నయ్య ఆ గోడవైపే చూస్తూ ఉండిపోయేడు. నేను పట్టుకున్న చెయ్యి దించమని కూడా అనలేదు. ఇంకా ఆగాలో, ఏదైనా మాట అందించాలో నాకు తోచలేదు.

"మనిషి," అన్నాడు. కాసేపాగి, "చిన్న... కుర్రోడు."

కళ్లమ్మట నీళ్లు కారిపోయేయి. ఈ జబ్బులో ఊరికే ఏడుపొస్తుందని డాక్టరు ముందే చెప్పేడు. అది ఊరికే వచ్చిన ఏడుపని నాకనిపించలేదు. వదిన చేట పక్కన పెట్టి లేచి, పమిటతో తుడిచింది. "ఊరుకోండి. ఇన్నేళ్లూ ఈ ముక్క ఎప్పుడూ సెప్పనేదు మీరు," అంది.

ఆ తర్వాత పుస్తకం తెరిస్తే "వద్దు" అనేవాడు. ఫానుకి జాలీ బిగించి వాళ్ల గదిలో పెట్టేసేం. ఆ పిల్లకి చెబితే, "వద్దు అనడం కూడా మాటే కదా మేడమ్," అని, బొమ్మల బదులు పాత లెక్కల పుస్తకం తెమ్మంది. కొన్నాళ్లకి ఆమెకి విశాఖలో ఆస్పత్రి ఉద్యోగమొచ్చింది. చివరిరోజు అన్నయ్య ఎడంచెయ్యి ఆమె తల మీద పెట్టేడు. ఏదో అనబోయేడు, రాలేదు. ఆమె ఆ మాటకోసం చాలాసేపు కదలకుండా వంగే ఉంది. రాలేదు.

కుడిచెయ్యి ఇంక లేవదని తేలిపోయింది. చేతికర్ర పట్టుకుని వరండాదాకా నడుస్తాడు. మాటలు అతుకులతుకులుగా వస్తాయి. వదిన పేరు ఇప్పటికీ రాదు, నాది వస్తుంది. అది వదినకి కష్టంగానే ఉంటుంది గానీ పైకి అనదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వదిన తనకి అన్నం కలిపి తినిపించి, మూతి తుడిచి, కంచం తీసుకుని లేవబోతోంది. తను ఆమె కొంగు పట్టుకున్నాడు. పెదాలు కదిపేడు. మేమిద్దరం ఆగేం.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను," అంది వదిన, అలవాటుగా. అని, కంచం కింద పెట్టేసి మళ్లీ కూర్చుంది. "నేదండీ. ఇంకా తిన్నేదు."

"తిను," అన్నాడు.